నీళ్ళు పారబోసిన రాజు, ఎడారి దాటిన సైన్యం

నాయకత్వం మీద జరిగే శిక్షణ తరగతుల్లో అలెగ్జాండర్ కథ ఒకటి తరచుగా వినిపిస్తుంది. సైన్యం ఎడారిలో దాహంతో అల్లాడుతుంటుంది. కొందరు సైనికులకు ఎక్కడో చిన్న గుంటలో కాసిని నీళ్ళు దొరుకుతాయి. వాటిని శిరస్త్రాణంలో పట్టి రాజుకు తెచ్చి ఇస్తారు. ఆయన వాళ్ళకు కృతజ్ఞతలు చెప్పి, అందరూ చూస్తుండగా ఆ నీళ్ళను నేలమీద పారబోస్తాడు. ఆ నీళ్ళు తామే తాగినట్టుగా సైన్యమంతా తెప్పరిల్లుతుంది. ఇటీవల మా సంస్థలో మేనేజర్ల కోసం ఏర్పాటు చేసిన శిక్షణలో ఈ కథను మళ్ళీ విన్నాను. చెప్పినాయన చక్కగానే చెప్పారు, మేమూ శ్రద్ధగానే విన్నాం. ప్రశ్నలు అడగమన్నప్పుడు వెనక వరసలో కూర్చున్న ఒక యువ సహోద్యోగిని లేచి, "అసలు వాళ్ళు ఆ ఎడారిలోకి ఎందుకు వెళ్ళారండీ?" అని అడిగింది. అది మనకు ఇక్కడ అప్రస్తుతమని ఆయన జవాబిచ్చి తరువాతి స్లయిడ్‌కు వెళ్ళిపోయారు.

నాకు మాత్రం ఆ రోజు అడిగిన వాటన్నిటిలోనూ ప్రస్తుతమైన ప్రశ్న అదే అనిపించింది. ప్రాచీన యోధుల నుంచి నేటి మేనేజ్‌మెంట్‌కు పాఠాలు తీసుకోవడానికి నేను వ్యతిరేకిని కాను. పెద్ద సమూహాన్ని ఒక పనికి కూడగట్టడం, తిండి పెట్టడం, జీతం ఇవ్వడం, దూరంగా ఉన్న అధికారి ఏం చేస్తున్నాడో తెలుసుకోవడం వంటి చిక్కులన్నీ సైన్యాలను నడిపినవాళ్ళు ఎంతో ముందే ఎదుర్కొన్నారు. నా అభ్యంతరం మనం ఆ కథలను ఎక్కడ నిలబడి చదువుతున్నామన్న దాని గురించి. ప్రతిసారీ గుర్రం మీద ఉన్నవాడి పక్కన నిలబడి చదువుతున్నాం. పంక్తిలో నడుస్తున్నవాడి పక్కన నిలబడి చదివితే అవే కథలు వేరే పాఠాలు చెబుతాయి, అవి ఇంకా ఎక్కువ పనికివస్తాయి అన్నది ఇక్కడ నేను వాదించదలచుకున్న విషయం.

ఎడారిలోకి దారి

ఆ ఎడారి పేరు గెడ్రోసియా, అంటే నేటి పాకిస్తాన్, ఇరాన్‌లలోని మక్రాన్ తీర ప్రాంతం. సంవత్సరం క్రీ.పూ. 325. భారతదేశం నుంచి తిరిగి వెళ్తున్న అలెగ్జాండర్ క్రేటెరస్ అనే సేనానికి ఏనుగులను, సైన్యంలో కొంత భాగాన్ని అప్పగించి ఉత్తరంగా, సులువైన దారిలో పంపించాడు. మిగిలినవాళ్ళను తీసుకుని తాను ఎడారి దారి పట్టాడు. సముద్రం మీద వస్తున్న నౌకాదళానికి ఒడ్డు నుంచి నీళ్ళు, తిండి అందించాలన్న సైనిక అవసరం ఒకటి ఉన్న మాట నిజమే. కానీ రెండో కారణాన్ని కూడా, అలెగ్జాండర్ చరిత్ర రాసిన గ్రీకు రచయిత అరియన్ దాచకుండా రాశాడు. పూర్వం సెమిరమిస్ రాణి, పారశీక చక్రవర్తి సైరస్ ఆ దారిలోనే సైన్యాలను పోగొట్టుకుని గుప్పెడు మందితో బయటపడ్డారని విని, వాళ్ళకు సాధ్యంకానిది తాను సాధించాలని అలెగ్జాండర్ అనుకున్నాడట. అంటే దాహానికి కొంత భూగోళమూ కొంత రాజుగారి పోటీతత్వమూ కారణం.

ఆ ప్రయాణంలో ఏం జరిగిందో అరియన్ వివరంగానే చెప్పాడు. ఒక రాత్రి వాగు పక్కన విడిది చేస్తే, ఎక్కడో కురిసిన వానకు వరద ముంచుకొచ్చి, సైన్యం వెంట నడుస్తున్న ఆడవాళ్ళు, పిల్లలు చాలామంది కొట్టుకుపోయారు. ఆకలికి తాళలేక సైనికులు బరువులు మోసే గుర్రాలను, కంచర గాడిదలను కోసుకు తిని, అవి దాహంతో చచ్చాయని చెప్పారు. అలెగ్జాండర్‌కు సంగతి తెలిసింది, అయినా తెలియనట్టే ఊరుకున్నాడు. మొత్తం సైన్యంలో నాలుగోవంతు కూడా తిరిగి రాలేదని గ్రీకు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ రాశాడు. ఆ లెక్కను నేటి చరిత్రకారులు అతిశయోక్తిగా చూస్తారు కానీ, అలెగ్జాండర్ ఏ శత్రువు చేతిలోనూ పడనంత దెబ్బ ఈ దారిలో తిన్నాడన్న విషయంలో పెద్దగా వివాదం లేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన సంఘటన నీళ్ళ కథకు కొంచెం ముందు జరిగింది. తిండి గింజలు కొంత దొరికిన చోట అలెగ్జాండర్ వాటిని మూటలు కట్టించి, తన ముద్ర వేయించి, నౌకాదళం కోసం సముద్రపు ఒడ్డుకు పంపాడు. దారిలో కాపలావాళ్ళతో సహా సైనికులు ఆ ముద్రలు పగలగొట్టి, ఆకలితో ఎక్కువగా నీరసించినవాళ్ళకు పంచి, తామూ తిన్నారు. రాజముద్ర చెరిపితే శిక్ష ఏమిటో వాళ్ళకు తెలియనిది కాదు. కళ్ళముందు కనిపిస్తున్న చావు ముందు ఆ శిక్ష దూరంగా కనిపించింది. విషయం తెలిశాక అలెగ్జాండర్ వాళ్ళను క్షమించాడు. నియమం పెట్టినవాడే ఆ నియమాన్ని పాటించడానికి వీల్లేని పరిస్థితి కల్పించినప్పుడు, దాన్ని మీరినవాళ్ళను ఎలా చూడాలన్న ప్రశ్న ఇందులో ఉంది. మోయలేనంత పని అప్పగించి, అడ్డదారి తొక్కిన ఉద్యోగి మీద విచారణ వేసే ప్రతి సంస్థా ఈ సంఘటనను కూర్చుని చర్చించవచ్చు. ఇది స్లయిడ్ మీద అందంగా కనిపించదు కాబట్టి ఎవరూ చెప్పరు.

మరొకటి. ఎడారి దాటాక బాధ్యుడి కోసం వెతుకులాట మొదలైంది. ఆజ్ఞలు పాటించలేదన్న కారణంతో గెడ్రోసియా పాలకుడైన అపోలోఫేనిస్‌ను అలెగ్జాండర్ పదవి నుంచి తొలగించాడని అరియన్ రాశాడు. అదే అరియన్ తన మరో గ్రంథంలో, ఆ అపోలోఫేనిస్ అంతకుముందే స్థానిక తెగలతో జరిగిన పోరులో చనిపోయాడని రాశాడు. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చడం నా పని కాదు. కానీ సరఫరా విఫలమైనప్పుడు ఆ దారి ఎంచుకున్నవాడిని వదిలి, సరుకు పంపాల్సినవాడి వైపు వేలు చూపించడం ఎంత పాతదో దీన్ని చూస్తే అర్థమవుతుంది.

ఇప్పుడు నీళ్ళ దగ్గరికి వద్దాం. ఆ పని గొప్పదే. ఆ క్షణంలో ఆయన నీళ్ళు తాగి ఉంటే నేను ఇంకా కఠినంగా రాసేవాణ్ణి. అరియన్ కూడా అలెగ్జాండర్ చేసిన పనుల్లో దీన్నే ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. అయితే ఇది వేరే చోట జరిగిందని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారని ఆయనే ఒప్పుకున్నాడు. ప్లూటార్క్ దీన్ని పారశీక చక్రవర్తి డేరియస్‌ను తరిమిన సందర్భంలో చెప్పాడు. రాజు త్యాగాన్ని చూపే కథకు ఎక్కడైనా చోటు దొరుకుతుంది. వరదలో కొట్టుకుపోయిన పిల్లల కథకు మాత్రం గెడ్రోసియా తప్ప మరో చోటు లేదు.

సన్ త్జు, రాజుగారి అంతఃపురం

యుద్ధకళ మీద గ్రంథం రాశాడని చెప్పే ప్రాచీన చైనా సేనాని సన్ త్జు కథకూ ఇదే గతి పట్టింది. చైనా చరిత్రకారుడు సిమా చియెన్ రాసిన దాని ప్రకారం, వూ రాజ్యాధిపతి హెలు సన్ త్జు రాసిన 13 అధ్యాయాలను చదివి, ఈ పద్ధతితో ఆడవాళ్ళకు కూడా కవాతు నేర్పగలవా అని అడిగాడు. అంతఃపురం నుంచి 180 మంది స్త్రీలను రప్పించారు. సన్ త్జు వాళ్ళను రెండు దళాలుగా చేసి, రాజుకు ఇష్టమైన ఇద్దరిని వాటికి నాయకురాళ్ళను చేశాడు. కుడి, ఎడమ, ముందు, వెనక ఏమిటో వివరించి డప్పు కొట్టించాడు. వాళ్ళు నవ్వారు. ఆజ్ఞ స్పష్టంగా లేకపోతే తప్పు సేనానిదే అని చెప్పి, మళ్ళీ వివరించి మళ్ళీ డప్పు కొట్టించాడు.

శిక్షణల్లో కథ సాధారణంగా ఇక్కడే ఆగుతుంది. మీ టీమ్ చెప్పినట్టు చేయకపోతే ముందు మీరు చెప్పిన తీరును సరిచూసుకోండి అన్నది పాఠం. మంచి పాఠమే. కానీ సిమా చియెన్ అక్కడ ఆగలేదు. రెండోసారీ వాళ్ళు నవ్వారు. ఆజ్ఞ స్పష్టంగా ఉన్నాక పాటించకపోతే తప్పు దళనాయకులదే అని చెప్పి సన్ త్జు ఆ ఇద్దరి తలలు నరికించాడు. మేడ మీద నుంచి చూస్తున్న రాజు వద్దని కబురు పంపినా వినలేదు. మూడోసారి డప్పు మోగినప్పుడు ఎవరూ నవ్వలేదు, కవాతు చక్కగా సాగింది.

ఆ పంక్తిలో మూడో వరసలో నిలబడిన ఒక స్త్రీ వైపు నుంచి ఈ కథ ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆమె సైన్యంలో చేరలేదు. రాజుగారి సరదా తీర్చడానికి ఆమెను ఎండలోకి తీసుకొచ్చి చేతికి ఆయుధం ఇచ్చారు. నవ్వడం తప్ప ఆ వింత పరిస్థితికి ఆమె దగ్గర జవాబు లేదు. కవాతు నేర్చుకున్నాక ఆమెకు వచ్చింది క్రమశిక్షణా, భయమా? బయట నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. చాలా సమావేశాల్లో అందరూ తల ఊపుతున్నప్పుడు పైన కూర్చున్నవాళ్ళు తేల్చుకోవలసింది సరిగ్గా ఈ విషయమే. కథ మొదటి సగంతో ఆపేస్తే ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు.

నాకు ఎదురైన రెండు అభ్యంతరాలు

ఈ ఆలోచనలను శిక్షణలు ఇచ్చే ఒక మిత్రుడితో పంచుకున్నప్పుడు ఆయన నాతో ఏకీభవించలేదు. కథ ఒక్క విషయం చెప్పడానికి ఉంటుంది, నీతికథల్లోని జంతువుల గురించి అన్ని వివరాలూ అడగం కదా అన్నారు. పైగా ప్రాచీనులే చరిత్రను ఇలా వాడుకున్నారని గుర్తుచేశారు. గ్రీకు రచయిత, సేనాని జెనోఫోన్ తనకు శతాబ్దానికి పైగా ముందు పాలించిన సైరస్ జీవితాన్ని ఆదర్శ పాలకుడి కథగా మలిచాడు. ప్లూటార్క్ మహాపురుషుల జీవితాలను రాసిందే శీలం గురించి ఆలోచించడానికి. ఈ వాదనలో బలం ఉంది. మనిషికి సూత్రం కన్నా కథ ఎక్కువ కాలం గుర్తుంటుందన్నది కూడా నిజం. అయితే నీతికథ కల్పితమని చెప్పేవాడికీ వినేవాడికీ ముందే తెలుసు. చారిత్రక వ్యక్తి పేరు చెప్పినప్పుడు, ఇది నిజంగా జరిగింది, పనిచేసింది అన్న సాక్ష్యపు బరువును మనం వాడుకుంటున్నాం. ఆ బరువు వాడుకున్నప్పుడు దానికి ఎంత ఖర్చయిందో చెప్పే బాధ్యత కూడా వస్తుంది.

రెండో అభ్యంతరం నాలో నుంచే వచ్చింది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ సైనికులు అలెగ్జాండర్‌ను నిజంగా ప్రేమించారు. క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో ఆయన మరణశయ్య మీద ఉన్నప్పుడు, మాట కూడా రాని స్థితిలో ఉన్న ఆయనను ఒక్కసారి చూడాలని పట్టుబట్టి, వరసగా మంచం పక్క నుంచి నడిచి వెళ్ళారు. అంత కష్టం అనుభవించినవాళ్ళే ప్రేమిస్తే, ఇన్ని శతాబ్దాల తరువాత వాళ్ళ తరఫున లెక్కలు అడగడానికి నేనెవరిని? ఈ ప్రశ్న నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. నేను చెప్పగలిగింది ఇంతే. ఆ ప్రేమ కథ మనకు అందింది ఎక్కువగా ఆయన సన్నిహితుల రాతల ద్వారా. అలెగ్జాండర్ తరువాత నాలుగు శతాబ్దాలకు పైగా గడిచాక రాసిన అరియన్, తన ప్రధాన ఆధారాలు టాలెమీ, అరిస్టోబులస్ అని చెప్పుకున్నాడు. వాళ్ళిద్దరూ రాజు వెంట ఉన్నవాళ్ళు, టాలెమీ అయితే తరువాత తానే రాజయ్యాడు. గెడ్రోసియాలో ఇసుకలో ఆగిపోయినవాడు ఏమీ రాయలేదు.

పేర్లు అడగని బల్లలు

క్రీ.పూ. 324లో సూసా నగరంలో జరిగిన ఒక సంగతి నాకు అలెగ్జాండర్ కథలన్నిటిలో ఎక్కువ ఇష్టం. సైనికుల అప్పులన్నీ తాను తీరుస్తానని, ఎవరికెంత బాకీ ఉందో రాయించమని ఆయన ప్రకటించాడు. మొదట చాలా కొద్దిమందే రాయించారు. జీతంతో సరిపెట్టుకోలేక దుబారా చేస్తున్నదెవరో కనిపెట్టడానికి వేసిన ఎత్తు ఇది అని మిగిలినవాళ్ళు అనుమానించారు. ఆ అనుమానానికి అలెగ్జాండర్ నొచ్చుకున్నాడు, రాజు ప్రజలతో నిజమే మాట్లాడాలి, ప్రజలు ఆయన నిజమే మాట్లాడతాడని నమ్మాలి అన్నాడు. తరువాత చేసిన పని ముఖ్యం. శిబిరంలో బల్లలు వేయించి, వాటిమీద బంగారం పెట్టించి, బాకీ పత్రం చూపినవాడికి పేరు రాసుకోకుండా డబ్బు ఇవ్వమన్నాడు. అలా చెల్లించింది 20,000 టాలెంట్ల (ఇది ప్రాచీన గ్రీకు తూకం) వరకూ ఉంటుందంటారు. అప్పు తీరినందుకన్నా తమ పేరు బయటపడనందుకే సైనికులు ఎక్కువ సంతోషించారని అరియన్ రాశాడు.

ఆ వాక్యం చదివినప్పుడు నాకు వెంటనే ఉద్యోగుల అభిప్రాయ సర్వేలు గుర్తొచ్చాయి. నేను పూర్వం పనిచేసిన ఒక సంస్థలో ఏటా ఇలాంటి సర్వే జరిగేది. మీ పేరు ఎవరికీ తెలియదని పైన పెద్ద అక్షరాలతో ఉండేది. కింద విభాగం, వయసు, స్త్రీయా పురుషుడా, చేరి ఎన్నేళ్ళయింది అని అడిగేవారు. మా చిన్న విభాగంలో ఆ నాలుగు జవాబులూ కలిపితే మనిషి ఎవరో ఇట్టే తెలిసిపోయేది. అందరం అన్నిటికీ "చాలా సంతృప్తిగా ఉంది" అని గుర్తుపెట్టి పంపేవాళ్ళం. ఆ ఫలితాలను చూసి యాజమాన్యం మమ్మల్ని అభినందిస్తూ మెయిల్ పంపేది. జనం నమ్మనందుకు నొచ్చుకోవడం ఏ నాయకుడైనా చేస్తాడు. నొచ్చుకున్నాక పద్ధతి మార్చడం సూసాలో జరిగిన విశేషం.

కానీ కథను ఇక్కడ ఆపితే నేను ఎవరిని విమర్శిస్తున్నానో వాళ్ళు చేసే పనే నేనూ చేసినవాణ్ణవుతాను. అదే సంవత్సరం ఓపిస్ అనే చోట, వయసు మళ్ళినవాళ్ళను, గాయపడినవాళ్ళను ఇంటికి పంపిస్తానని అలెగ్జాండర్ ప్రకటించాడు. మంచి వార్త చెబుతున్నానని ఆయన అనుకున్నాడు. పారశీకులను పెద్ద సంఖ్యలో సైన్యంలోకి తీసుకుంటున్న ఆ రోజుల్లో, మమ్మల్ని వాడుకుని పారేస్తున్నాడని సైనికులకు వినిపించింది. అందర్నీ పంపించెయ్, ఇక నువ్వు తండ్రిగా చెప్పుకునే అమ్మోన్ దేవుడితో కలిసే యుద్ధాలు చేసుకో అని అరిచారు. ఆయన వేదిక మీద నుంచి కిందికి దూకి, గట్టిగా అరిచినవాళ్ళను తన చేత్తో చూపించి పదముగ్గురికి మరణశిక్ష వేయించాడు. ఆ తరువాత మీకోసం నేనెన్ని గాయాలు తిన్నానో చూడండి అంటూ ఉపన్యాసం ఇచ్చాడు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని, మూడో రోజున పారశీకులకు సైనిక పదవులు పంచడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా బిగదీసుకున్నవాళ్ళు ఏడుస్తూ తలుపు దగ్గరికి వచ్చారు. ఆ ఉపన్యాసాన్ని ప్రేరణాత్మక ప్రసంగంగా చదివించేవాళ్ళు, దాని ముందు పదముగ్గురి మరణాన్నీ దాని తరువాత వచ్చిన మీ స్థానంలో వేరేవాళ్ళున్నారన్న బెదిరింపునూ కూడా చదివించాలి. సూసాలో పేరు అడగలేదు, ఓపిస్‌లో ముఖం చూసి గుర్తుపట్టాడు. సూసాలో సైనికులు పడ్డ అనుమానం అంత అన్యాయమైనదేమీ కాదని ఆ పదముగ్గురి చావు చెబుతోంది.

నేటి ఉద్యోగి రాజీనామా చేసి వెళ్ళిపోగలడు కాబట్టి ఈ పోలిక చెల్లదని ఎవరైనా అనవచ్చు. నైపుణ్యానికి గిరాకీ ఉన్నవాడి విషయంలో అది నిజమే. ఇంటి అప్పు వాయిదాలు కడుతున్నవాడు, జబ్బుపడిన తల్లిదండ్రుల వైద్యం సంస్థ బీమా మీద నడుస్తున్నవాడు, వీసా ఉద్యోగంతో ముడిపడి ఉన్నవాడు అంత తేలిగ్గా కదలలేరు. వాళ్ళ మీద మేనేజర్‌కు ఉన్న అధికారం కాగితం మీద కనిపించేదానికన్నా చాలా ఎక్కువ. యోధుల కథలతో ఉత్తేజం పొందే మేనేజర్‌కు ముందుగా తెలియవలసింది ఇదే.

నారదుడి ప్రశ్నలు

జీతాలు నెలల తరబడి ఆలస్యమవుతున్న ఒక సంస్థలో ఉన్నతాధికారి అందరినీ సమావేశపరిచి, ఇది మన కురుక్షేత్రం, ఇప్పుడు గాండీవం కింద పెట్టకూడదు అని మాట్లాడటం నేను విన్నాను. ఆయన చిత్తశుద్ధితోనే మాట్లాడారు, గొంతు వణికింది కూడా. నా పక్కన కూర్చున్న అకౌంట్స్ విభాగపు పెద్దాయన తలెత్తకుండా కాగితం మీద తన ఇంటి అద్దె, పిల్లల ఫీజు లెక్కలు వేసుకుంటున్నాడు.

మహాభారతాన్నే ఆశ్రయించదలిస్తే కురుక్షేత్రం దాకా వెళ్ళనవసరం లేదు. సభాపర్వంలో, మయసభ కొత్తగా కట్టిన రోజుల్లో, నారదుడు వచ్చి ధర్మరాజును వరసగా ప్రశ్నలు అడుగుతాడు. నన్నయ తెలుగులో చదువుకున్నవాళ్ళకు ఈ ఘట్టం తెలిసిందే. సైన్యానికి భత్యమూ జీతమూ సకాలంలో ఇస్తున్నావా, జాప్యం చేయడం లేదు కదా అని అడుగుతాడు. గడువు దాటితే కొలువువాళ్ళు ఇబ్బందిపడి యజమానిపై కోపగిస్తారు, అది పెద్ద అనర్థమని పెద్దలు చెబుతారు అంటాడు. నీకోసం ప్రాణాలిచ్చినవాళ్ళ, ఆపదల పాలైనవాళ్ళ భార్యలను పోషిస్తున్నావా అని అడుగుతాడు. ఒక్కడివే ఆలోచించి నిర్ణయించడం లేదు కదా, మరీ ఎక్కువమందితో కూడా కాదు కదా అని అడుగుతాడు. శౌర్యం గురించి ఉపన్యాసం లేదు. ఇంత కొత్త సభ మధ్య నిలబడి ఆ ముని అడుగుతున్నది జీతాల రిజిస్టరు గురించి, మరణించినవాళ్ళ కుటుంబాల గురించి. యుద్ధమంటే ఏమిటో తెలిసిన సంప్రదాయం మాత్రమే ఇలాంటి ప్రశ్నలు అడగగలదని నాకు అనిపిస్తుంది.

అయినా ఈ ప్రశ్నలను పెద్ద అక్షరాలతో ముద్రించి గోడకు తగిలిస్తే చాలని చెప్పలేను. వాటన్నిటికీ తలవంచి, మీరు చెప్పినట్టే నడుచుకుంటానన్న ధర్మరాజే అదే పర్వంలో రాజ్యాన్నీ తమ్ముళ్ళనూ చివరికి ద్రౌపదినీ జూదంలో ఒడ్డాడు. ప్రశ్నలు తెలియక కాదు. పాచికలు పట్టుకున్న చేతిని ఆపగలిగినవాడు ఆ సభలో ఎవరూ లేరు, ఉన్నవాళ్ళలో చాలామంది నోరు విప్పలేదు, నోరు విప్పిన విదురుడి మాటకూ వికర్ణుడి మాటకూ విలువ లేదు. ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్ముడంతటివాడే తేల్చి జవాబు చెప్పలేకపోయాడు. మంచి నాయకుడు ఉంటే చాలు, అడిగే వ్యవస్థ లేకపోయినా ఫరవాలేదన్న నమ్మకానికి ఇంతకన్నా గట్టి ఖండన నాకు ఎక్కడా కనిపించలేదు.

సంజాయిషీ చెప్పిన సేనాని

నాయకుడిని నిలదీసే వ్యవస్థ యుద్ధంలో సాధ్యమా అని అడిగేవాళ్ళకు జెనోఫోన్ అనుభవాన్ని చూపిస్తాను. క్రీ.పూ. 401లో పారశీక యువరాజు కిరాయికి పిలిచిన గ్రీకు సైనికులు పదివేల మందికి పైగా, ఆ యువరాజు యుద్ధంలో చనిపోవడంతో శత్రుదేశం నడిబొడ్డున చిక్కుకుపోయారు. మాట్లాడుకుందామని పిలిచి వాళ్ళ సేనానులను పట్టుకుని చంపేశారు. మిగిలినవాళ్ళు సమావేశమై కొత్త సేనానులను ఎన్నుకున్నారు. వాళ్ళలో జెనోఫోన్ ఒకడు.

దారిలో ఒకచోట శత్రువుకన్నా ముందు కొండ ఎక్కాలి. గుర్రం మీద ఉన్న జెనోఫోన్ సైనికులను తొందరపెడుతున్నాడు. సోటెరిడాస్ అనే సైనికుడు, మనమేమీ సమానం కాదు, నువ్వు గుర్రం మీద పోతున్నావు, నేను ఈ డాలు మోయలేక చస్తున్నాను అన్నాడు. జెనోఫోన్ గుర్రం దిగి, అతన్ని వరస నుంచి తప్పించి, ఆ డాలు తానే తీసుకుని నడవడం మొదలుపెట్టాడు. ఒంటిమీద ఆశ్వికుల బరువైన కవచం ఉండటంతో నడవడం కష్టమైంది కూడా. చివరికి తోటి సైనికులే సోటెరిడాస్‌ను కొట్టి తిట్టి డాలు తిరిగి పట్టించారు. నీళ్ళ కథలాగే ఇది కూడా కష్టం పంచుకున్న కథే. తేడా ఏమిటంటే ఇక్కడ ఒక మామూలు సైనికుడు నాయకుడి ముఖం మీదే తన మాట అన్నాడు, దానికి జవాబుగా నాయకుడు కదిలాడు. ఆ సైనికుడు తోటివాళ్ళ చేత దెబ్బలు తిన్నాడన్నది కూడా మరచిపోకూడదు. ఫిర్యాదు చేసినవాడి నోరు నొక్కేది ప్రతిసారీ పైవాడే కానక్కరలేదు.

నల్లసముద్రం ఒడ్డున కోట్యోరా అనే పట్టణం చేరాక సైన్యం తన సేనానుల పనితీరును విచారించింది. సరుకును సరిగా కాపాడనందుకు కొందరికి జరిమానా వేశారు. సైనికులను కొట్టాడని జెనోఫోన్ మీద ఆరోపణ వచ్చింది. ఆయన అందరి ముందు నిలబడి జవాబు చెప్పాడు. ఆరోపించినవాడు ఒక కంచర గాడిదను తోలే బాధ్యతలో ఉన్నవాడని, మంచులో ఒక జబ్బు మనిషిని మోయమని తాను అప్పగిస్తే, ఆ మనిషి ఇంకా కాలు కదుపుతుండగానే పూడ్చడానికి గొయ్యి తవ్వుతున్నాడని, అందుకే కొట్టానని చెప్పాడు. ఇంకా కొట్టాల్సిందని సభలో అరుపులు వినిపించాయి. ఇదంతా రాసింది జెనోఫోనే కాబట్టి తనకు అనుకూలంగానే రాసుకుని ఉంటాడు. ఆ సైన్యం దారిపొడవునా ఊళ్ళను దోచుకుంటూ బతికిందన్నది కూడా నిజం, ఆ ఊళ్ళవాళ్ళు ఏ సభలోనూ మాట్లాడలేదు. ఇన్ని మినహాయింపులు ఉన్నా, ప్రాణాల మీదికి వచ్చిన పరిస్థితిలో కూడా నాయకుడు కింది మనిషికి సంజాయిషీ చెప్పడం సాధ్యమేనని, దానివల్ల సైన్యం చెదిరిపోలేదని ఈ కథ చూపిస్తోంది. మార్కెట్ వేగం వల్ల అంత తీరిక లేదని చెప్పే సంస్థలకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

తోసలి అధికారులకు రాసిన మాటలు

అశోకుడిని మేనేజ్‌మెంట్ పుస్తకాలు పశ్చాత్తాపానికి ఉదాహరణగా చూపుతాయి. 13వ శిలాశాసనంలో ఆయన కళింగ యుద్ధపు లెక్క తానే చెక్కించాడు. 1,50,000 మందిని తరలించుకుపోయారు, 1,00,000 మందిని అక్కడ చంపారు, అంతకు ఎన్నో రెట్లు మంది ఇతరత్రా మరణించారు. గెలిచిన రాజు తన గెలుపు ఖర్చును ఇలా రాతి మీద రాయించడం అరుదు. అదే శాసనంలో అటవీ జనాలకు, పశ్చాత్తాపపడినా తనకు శక్తి ఉందని గుర్తుచేసే హెచ్చరిక కూడా ఉంది. ఇంకొక విషయం, ఆ శాసనం కళింగలోని ధౌళిలోనూ జౌగడలోనూ లేదు. ఓడిపోయినవాళ్ళ మధ్య ఆ లెక్క చెక్కించలేదు. కారణం ఏదైనా, క్షమాపణ అందవలసినవాళ్ళకు తప్ప మిగిలినవాళ్ళకు వినిపించే నాయకులు నాకు గుర్తొస్తారు.

అయితే ధౌళిలో దాని స్థానంలో ఉన్నది తక్కువైనది కాదు. కళింగలోని తోసలి నగర న్యాయాధికారులకు రాసిన ఆ ప్రత్యేక శాసనంలో, కారణం లేకుండా చెరసాల పాలవుతున్నవాళ్ళున్నారని అశోకుడు ఒప్పుకుంటాడు. అసూయ, కోపం, క్రూరత్వం, తొందరపాటు, అశ్రద్ధ, సోమరితనం, అలసట అన్నవి న్యాయం చేయనివ్వవని ఒక్కొక్కటే చెబుతాడు. ఐదేళ్ళకొకసారి కఠినుడు కాని, సౌమ్యుడైన అధికారిని తనిఖీకి పంపుతానంటాడు. ఈ మాటలను ప్రతి తిష్య (పుష్యమి) నక్షత్రం రోజునా వినిపించాలని, మధ్యలో వినేవాడు ఒక్కడే ఉన్నా వినిపించాలని ఆదేశిస్తాడు. అంటే అధికారి ఎలా ప్రవర్తించాలో రాజు చెప్పిన మాట, ఆ అధికారి కింద బతుకుతున్నవాడి చెవిన కూడా పడే అవకాశం ఉంది.

మా సంస్థలో మేనేజర్ల పనితీరును ఏ కొలమానాలతో అంచనా వేస్తారో వాళ్ళ కింద పనిచేసేవాళ్ళకు తెలియదు. ఆ కొలమానాలను టీముల్లో అందరికీ చదివి వినిపించాలని, ఏడాదికి ఒకసారైనా వేరే విభాగపు మనిషి వచ్చి కింది ఉద్యోగులతో విడిగా మాట్లాడాలని హెచ్.ఆర్. విభాగానికి రాతపూర్వకంగా అడిగాను. తరువాతి శిక్షణలో అలెగ్జాండర్ కథ చెప్పదలిస్తే ముద్ర పగిలిన గింజల మూటలతో మొదలుపెట్టి, సూసా బల్లలూ ఓపిస్ పదముగ్గురూ కలిపి చెప్పమని, వెనక వరసలో నుంచి అడిగిన ఆ ప్రశ్నకే ఎక్కువ సమయం ఇవ్వమని కూడా రాశాను. పరిశీలిస్తామన్నారు. జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను.